పెరిగిన మెదడు – తీరని ఋణము

ఐతరేయోపనిషత్తునందు ఒక సృష్టికథ కలదు. సృజింపబడిన దేవతలు మహాసముద్రమున బడి, ఆకలిదప్పులకు లోనై, తాము నివసించి అన్నము తినుటకు తగిన నెలవు నొకదానిని చూపుమని సృష్టికర్తను వేడుకొనిరట. ఆయన వారికడకు గోవును తెచ్చినాడు. ఇది మాకు చాలదనిరి. అశ్వమును తెచ్చినాడు, ఇదియు చాలదనిరి. పిమ్మట పురుషుని తేగా, ఇది చక్కగా చేయబడినదని సంతోషించి, అగ్ని వాక్కై నోటను, వాయువు ప్రాణమై నాసికయందును, సూర్యుడు చూపై కన్నులందును ప్రవేశించిరి. అంతట పరమాత్మ, నేను లేక ఈ దేహమెట్లు నిలుచునని తలపోసి, శిరస్సునందలి పాపటను చీల్చుకొని ఆ ద్వారమున లోనికి ప్రవేశించెనని ఉపనిషత్తు చెప్పుచున్నది. కన్ను, చెవి, ముక్కు మొదలగు ద్వారములు సేవకులవనియు, కపాలపు కూడలియందలి ఈ ద్వారము యజమానునిదనియు వ్యాఖ్యాతలు వివరించినారు.

ఈ కథ చదివినవానికి నేడొక ప్రశ్న తప్పదు. మానవుని కపాలము ఒక్కనాడు నిర్మింపబడినది కాదనియు, అది 30 లక్షల సంవత్సరముల కాలములో, వానరమాత్రమైన మెదడునకు చాలినంత చిన్న కోశముగా మొదలై, తరతరమునకు కంటికి కానరానంత కొంచెముగా విస్తరించి, నేటి పరిమాణమునకు వచ్చినదనియు భూగర్భమునుండి వెలువడిన అస్థులు సాక్ష్యమిచ్చుచుండగా, ఆత్మ ప్రవేశించిన ముహూర్తమేది? ఏ తరమువాడు పశువు, ఏ తరమువాడు మనుష్యుడు? ఎవనితో పాపపుణ్యములు మొదలైనవి? ఎగతాళికై ఈ ప్రశ్నను అడుగువారు కలరు. భక్తికి భంగమని దానిని అడుగనీయనివారును కలరు. ఇరువురును తొందరపడినవారే. సాక్ష్యమును ముందు పూర్తిగా విని, పిదప దర్శనముల నడుగుట న్యాయము.

మెదడు మెత్తని పదార్థము. మట్టిలో కలిసిన కొలదికాలమునకే నశించును. నిలుచునది దానిని కప్పియున్న పుర్రె మాత్రమే. పుర్రె లోపలి అవకాశమును కొలిచి, అందు ఇమిడియుండిన మెదడు ఎంతటిదో శాస్త్రజ్ఞులు నిర్ణయింతురు. ఒక్కొక్కయెడ ఆ శ్రమయు లేకుండ ప్రకృతియే అచ్చు పోసి యుంచును. 1924లో దక్షిణాఫ్రికాయందలి జొహానెస్‌బర్గు నగరమున శరీరనిర్మాణ శాస్త్రాచార్యుడైన రేమండ్ డార్ట్ ఒక మిత్రుని వివాహమునకై దుస్తులు ధరించుచుండగా, టాంగ్ అనుచోటి సున్నపురాతి గనినుండి రెండు పెట్టెలు వచ్చినవి. పెండ్లివారు తొందరించుచున్నను ఆయన ఆగలేక మూతలు తీసినాడు. రెండవ పెట్టెలో ఒక రాతిముద్ద కనబడినది. ఏనాడో సున్నపునీరు పుర్రెలో నిండి, గట్టిపడి, మెదడుయొక్క మడతలను, దానిపై రక్తనాళములు పారిన చారలను సయితము నిలుపుకొన్న సహజమైన అచ్చు అది. ఆ అచ్చు సరిగా అమరు మరియొక రాతిని అదే పెట్టెలో వెదకి పట్టి, భార్యయొక్క అల్లికసూదులతో వారముల తరబడి రాతిని గీకగా, క్రిస్మసు సమీపించుసరికి అందుండి పాలపండ్లతో కూడిన ఒక శిశుముఖము బయటపడినది.

ఆ బిడ్డ మెదడు సుమారు 400 ఘన సెంటీమీటర్లు. చింపాంజీ మెదడును ఇంచుమించు అంతియే. అయినను, వెన్నుపాము పుర్రెను వీడి దిగు రంధ్రము వెనుకవైపునకు గాక అడుగునకు జరిగియుండుటచే, ఆ జీవి రెండు కాళ్ళపై నిటారుగా నడచినదని డార్ట్ గ్రహించి, 1925 ఫిబ్రవరిలో ఆ సంగతిని లోకమునకు చాటినాడు. అటుపిమ్మట దొరకిన వానితో వరుస కుదిరినది. 1974లో ఇథియోపియాయందలి హడార్ వద్ద దొరకిన, లూసీ యని పేరొందిన స్త్రీ 32 లక్షల సంవత్సరములనాటిది. ఆమె జాతివారి మెదళ్ళు 400, 500 ఘన సెంటీమీటర్ల ప్రాంతమున నుండినవి. టాంజానియాయందలి ఓల్డువై లోయలో లీకీ కుటుంబమువారు వెలికితీసిన హోమో హబిలిస్ జాతికి సుమారు 600. 1891లో యూజీన్ దుబ్వా అను డచ్చి వైద్యుడు జావాద్వీపమున, సోలో నదీతీరమందలి ట్రినిల్ వద్ద త్రవ్వించి తీసిన కపాలఖండము నేడు హోమో ఎరెక్టస్ అనబడు జాతిది. దాని లెక్క 900 ప్రాంతము. మన దేశమున 1982లో, నర్మదాతీరమందలి హత్నోరా గ్రామమువద్ద, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన అరుణ్ సోనాకియా కనుగొన్న పుర్రెలో 1150కి తక్కువగాని మెదడు ఉండెనని అంచనా. నేటి మానవుని సగటు సుమారు 1350.

ఈ అంకెలను వరుసగా చూచినవానికి, ఒక జాతినుండి మరియొక జాతికి దుముకుచు మెదడు పెరిగినట్లు తోచును. కాని 2024లో వెలువడిన ఒక విస్తృత పరిశీలనము, లభ్యమైన శిలాజకపాలముల కొలతలను ఒకచోట చేర్చి లెక్కించి, పెరుగుదల జాతికిని జాతికిని నడుమ గాక, ఒక్కొక్క జాతి లోపలనే నెమ్మదిగా జరిగినదని తేల్చినది. మనము స్వయముగా లెక్కించి చూచినను విషయము తేటపడును. 30 లక్షల సంవత్సరములలో పెరిగినది సుమారు 900 ఘన సెంటీమీటర్లు. తరమునకు 25 ఏండ్ల చొప్పున అది 1,20,000 తరముల పని. ఒక తరమునకు వచ్చునది 7 లేక 8 ఘన మిల్లీమీటర్లు. ఇది సగటు మాత్రమే; కొంతకాలము వేగమును, కొంతకాలము స్తబ్ధతయు ఉండియుండును. అయినను, తోడబుట్టిన ఇరువురి మెదళ్ళ నడుమ నుండు భేదము ఈ వృద్ధికి ఎన్నో రెట్లన్నమాట మరువరాదు. కనుక, తాను కన్న బిడ్డను చూచి, నేను పశువును, వీడు మనుష్యుడని తెలుసుకొన్న తల్లి ఏ కాలమునందును లేదు. ప్రతి బిడ్డయు తల్లిజాతివాడే. అయినను లక్షతరముల కడపట నిలిచినవాడు మొదటివాని జాతి కాడు.

ఎల్లను గీయుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. బ్రిటిష్ శరీరశాస్త్రజ్ఞులలో మిక్కిలి ప్రతిష్ఠగాంచిన సర్ ఆర్థర్ కీత్, మెదడు 750 ఘన సెంటీమీటర్లు దాటినవాడే మనుష్యజాతిలో చేరునని శాసించినాడు. తరువాత, 1964లో, ఓల్డువై లోయయందు దొరకినవారిని మనుష్యజాతిలో చేర్చుకొనవలసివచ్చినప్పుడు లూయీ లీకీయు ఆయన సహచరులును ఆ ఎల్లను 600కు దించినారు. ఒక రాత్రిలో ఎన్నడో మరణించినవారు మనుష్యులైనారు. వారి ఎముకలలో మాత్రము మార్పేమియు లేదు. ఎల్ల గీతగీసినవాని చేతిలోనున్నదే కాని గీయబడినదానియందు లేదని దీనివలన స్పష్టము. ఆత్మ ప్రవేశమునకు ముహూర్తము వెదకువారు ఈ సంగతిని శ్రద్ధగా గమనింపవలెను.

మనుష్యుడు తన మెదడును గూర్చి ఎంత గర్వించెనో, ఆ గర్వమువలన ఎంత సులభముగా మోసపోయెనో తెలుపు కథ యొకటి ఇదే చరిత్రలో కలదు. 1912లో ఇంగ్లండుయందలి పిల్ట్‌డౌన్ అనుచోట పెద్ద మెదడుగల పుర్రెయు, వానరునిది వంటి దవడయు దొరకినవని ప్రకటింపబడినది. పండితులు పరమానందభరితులైరి. ఏలయన, తక్కిన శరీరమంతయు పశుప్రాయముగా నుండగనే మెదడు ముందు పెరిగినదని, అనగా బుద్ధియే మొదట మానవుని మానవుని చేసినదని వారు ముందే నిశ్చయించుకొని యుండిరి. ఆ నిశ్చయము వలననే, చిన్న మెదడుతో నిటారుగా నడచిన టాంగ్ శిశువును పెక్కేండ్లపాటు పెద్దలు వానరునిగా త్రోసిపుచ్చినారు. 1953లో పిల్ట్‌డౌన్ గుట్టు బయటపడినది: పుర్రె నిన్నమొన్నటి మనుష్యునిది, దవడ ఒరాంగుటాన్‌ది, పండ్లను ఆకురాయితో అరగదీసి, ఎముకలకు రంగు పట్టించినారు. టాంజానియాయందలి లయటోలి వద్ద మేరీ లీకీ బృందము కనుగొన్న అడుగుజాడలు 36 లక్షల సంవత్సరములనాటివి. బూడిదలో నిటారుగా నడచిపోయిన ఆ పాదముల పైనున్న తలలో మెదడు చింపాంజీకన్న ఏమంత పెద్దది కాదు. ముందు లేచి నిలిచినవి కాళ్ళు. తల చాల వెనుకగా వచ్చినది.

పాశ్చాత్యులకు ఈ వృత్తాంతము తీవ్రమైన ధర్మసంకటమును తెచ్చిపెట్టినది. ప్రకృతివరణ సిద్ధాంతమును డార్విన్‌తో పాటు స్వతంత్రముగా కనుగొన్న వాలెస్, 1869లో, అడవిమనుష్యునికిని తత్త్వవేత్తకును మెదడు ఇంచుమించు సమానమేయనియు, ప్రకృతివరణము అప్పటి అవసరమునకు మించి దేనిని ఇయ్యదు గనుక ఈ అధికమైన మెదడును పైనున్న ఏదో చైతన్యమే ముందుచూపుతో ఒసగియుండవలెననియు వ్రాసినాడు. ఆ వ్యాసముయొక్క తన ప్రతిలో డార్విన్ అంచున ‘కాదు’ అని వ్రాసి, దానిక్రింద మూడు గీతలు గీసినాడు. 1950లో పన్నెండవ పయస్ పోపు, మానవశరీరము పూర్వజీవులనుండి వచ్చియుండునా యను విషయమును పండితులు పరిశీలింపవచ్చుననియు, ఆత్మను మాత్రము దేవుడే ప్రత్యక్షముగా సృజించునని నమ్మవలెననియు ఆనతిచ్చినాడు. ఇందు ఉదారత కలదు. కాని చిక్కును కలదు. ఆత్మ మనుష్యునికి మాత్రమే ప్రత్యేకముగా ఒసగబడునదైనచో, మనుష్యునికిని తత్పూర్వునికిని నడుమ ఎల్ల ఉండి తీరవలెను. ఆ ఎల్లయే అస్థులలో దొరకుట లేదు.

మన దర్శనములు ఈ చిక్కును వేరొక తీరున చూచును. సాంఖ్యుని దృష్టిలో బుద్ధి, అహంకారము, మనస్సు అనునవి ఆత్మయొక్క గుణములు కావు. జడమైన ప్రకృతియొక్క పరిణామములు. పురుషుడు పరిణమింపడు. అద్వైతియు అంతఃకరణమును ఉపాధి యనియే చెప్పును. ఉపాధి చిన్నదై, క్రమముగా పెద్దదైనదని విన్నంతమాత్రమున వీరు కలవరపడవలసిన పనిలేదు. అంతియకాదు, శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమునకు ఉపోద్ఘాతము వ్రాయుచు, లోకవ్యవహారమున పండితునికిని పశువునకును భేదములేదని నిర్మొగమాటముగా చెప్పినారు. కఱ్ఱ ఎత్తి వచ్చువానిని చూచి ఆవు పారిపోవును, పచ్చగడ్డి పట్టుకొని వచ్చువానిని సమీపించును. కత్తిపట్టినవానిని చూచి తొలగి, మేలు చేయువానిని చేరు విద్వాంసుడును అట్టివాడే యన్నారు. ఈ మాట వ్రాసినవానికి, మానవుని పూర్వులు పశువులని నేడెవరైన చెప్పినచో అవమానమేమి?

అయినను ఇంతటితో మనము గెలిచితిమని చంకలు గుద్దుకొనుట తగదు. చార్వాకుడు ఊరకుండడు. భూతముల కలయికనుండియే చైతన్యము పుట్టుననియు, దేహమునకు వేరుగా ఆత్మలేదనియు వాదించు అతడు, మెదడులో చిన్న నాళము చిట్లినంతనే మాట పోవుటను, స్వభావమే మారుటను చూపి, మెదడు ఎంతో చైతన్యమంతే యని నేడు మరింత గట్టిగా అడుగును. వేదాంతి దానికి బదులు చెప్పవలసినదే. ఒక్కటి మాత్రము నిశ్చయము: కపాలములను కొలిచి ఈ వ్యాజ్యమును తీర్చ వీలులేదు. కొలతకు అందినది పరికరముయొక్క వృద్ధి. పరికరము పెరిగినదని ఇరువురును ఒప్పుకొందురు. పరికరమే సర్వమా యనునదే వివాదము. దశావతారములలో మత్స్యము మొదలు మనుష్యుని వరకు పరిణామవాదమంతయు మనవారు ముందే చెప్పియుంచినారని కొందరు సంతోషింతురు. అది పురాణమునకును న్యాయము కాదు, శాస్త్రమునకును న్యాయము కాదు. భగవంతుడు మత్స్యమై వచ్చుట భక్తరక్షణకు. మత్స్యము మారి కూర్మమైనదని ఏ పురాణమును చెప్పలేదు.

అంతకన్న విలువైన మాటను పతంజలి చెప్పినాడు. ఒక జాతి మరియొక జాతిగా పరిణమించుట ప్రకృతి తనంత తాను నిండుటవలన జరుగుననియు, ధర్మాధర్మములు దానిని త్రోయునవి కావనియు, రైతు మడవ తీసినప్పుడు గట్టు అడ్డు తొలగి నీరు తనంతనే మడిలోనికి పారునట్లు అడ్డును మాత్రమే తొలగించుననియు యోగసూత్రముల కడపటి పాదమున నున్నది. వివేకానందస్వామి ఈ సూత్రమును ఆధునిక పరిణామవాదముతో పోల్చి, పూర్ణత్వము జీవునియందు ముందే యున్నదనియు, పోటీయు పోరాటమును దానికి కారణములు కావనియు వ్యాఖ్యానించినారు. భావము ఉదాత్తము. అయితే నీరు పల్లమునకే పారును. మెదడు చరిత్రయందు అట్టి ఒకేయొక పల్లము కానరాదు. 1856లో జర్మనీయందలి నియాండర్ లోయలో దొరకిన జాతివారి మెదడు సగటున మనకు సమానము, లేదా కొంచెము ఎక్కువ. ఆ జాతి సుమారు 40,000 సంవత్సరముల క్రిందట అంతరించినది. ఇండొనీషియాయందలి ఫ్లోరెస్ ద్వీపమున 2003లో దొరకిన పొట్టిజాతివారి మెదడు 400 ప్రాంతము మాత్రమే. అయినను వారును రాతిపనిముట్లు చేసి, సుమారు 50,000 సంవత్సరముల క్రిందటివరకు బ్రతికినారు. ఏనుగు మెదడు నాలుగైదు కిలోలు తూగును, మనది కిలోన్నరకు లోపు. పెరుగుటయే ప్రకృతియొక్క ఏకైకసంకల్పమనియు, ఆ సంకల్పమునకు మనమే ఫలమనియు చెప్పుటకు ఈ సాక్ష్యము చాలదు.

పెరుగుట సహజమైన వరమే యైనచో అన్ని జంతువులును పెద్ద మెదళ్ళను పొందియుండవలసినది. పొందకపోవుటకు కారణము దాని ఖరీదు. మెదడు మన శరీరభారమున నూటికి 2 పాళ్ళు; శరీరము విశ్రాంతిగా నున్నప్పుడు ఖర్చుచేయు శక్తిలో నూటికి 20 పాళ్ళు దానిదే. నిద్రించుచున్నను ఆ ఖర్చు ఆగదు. ఇంత ఖర్చు ఎక్కడినుండి వచ్చినది? 1995లో లెస్లీ ఐయెల్లో, పీటర్ వీలర్ అను శాస్త్రజ్ఞులు, మనుష్యుని ప్రేవులు అతని దేహపరిమాణమునకు ఉండవలసినంత లేవనియు, జీర్ణాశయమునందు మిగిలిన శక్తియే మెదడునకు చేరియుండుననియు ప్రతిపాదించినారు. చిన్న ప్రేవులకు మెత్తని, బలమైన ఆహారము కావలెను. అనగా మాంసము, దుంప, నిప్పు, వంట. రిచర్డ్ రాంగమ్ అను మానవశాస్త్రజ్ఞుడు వంటయే మనుష్యుని మనుష్యుని చేసినదను వరకును పోయినాడు. ఆ సిద్ధాంతముల వివరములపై వాదోపవాదములు జరుగుచున్నవి. కాని ఖర్చు ఎవరో భరింపక మెదడు పెరుగలేదను మూలసత్యమునందు వివాదములేదు.

ఆ ఖర్చును అందరికన్న ముందు భరించినది తల్లి. నిటారుగా నడచుటకై కటివలయము ఇరుకై యుండగా, బిడ్డ తల పెద్దదగుచు వచ్చినది. ఇరుకుదారిని దాటుటకు శిశువు పుర్రె యెముకలు అతుకుకొనకయే పుట్టవలసివచ్చినది. పురిటిగదిలో మంత్రసాని బిడ్డకు నీళ్ళుపోసి, నడినెత్తిని వ్రేళ్ళతో తడవి, ఎగసిపడుచున్న మెత్తని మాడుపై ఆముదము అద్దుట మన ఇండ్లలో అందరెరిగినదే. ఏడాదిన్నర, రెండేండ్లకు గాని అది పూడదు. ప్రసవసమయమున ఆ ఎముకలు ఒకదానిపై నొకటి కొంచెము జరిగి, తల సన్నగిల్లి, బిడ్డకు దారి ఇచ్చును. అప్పటికి ఆ బిడ్డ మెదడు పెద్దవాని మెదడులో మూడవ వంతునకు లోపే. చింపాంజీ పిల్లకు ఆ పాలు నూటికి సుమారు 40. తక్కిన వృద్ధియంతయు తల్లి ఒడిలో, అనగా పరుల ఖర్చుతో జరుగును. అయిదేండ్ల ప్రాయమున మెదడు పుచ్చుకొను శక్తి, విశ్రాంతిలోని శరీరశక్తిలో మూడింట రెండు వంతులని 2014లో లెక్క తేలినది. ఆ వయసుననే దేహము ఎదుగుట మందగించును. లేడిపిల్ల పుట్టిన గడియకే లేచి నిలుచును. మనుష్యశిశువు ఏడాదికి గాని అడుగు వేయలేడు, పదునైదు ఇరువదేండ్లకు గాని తన కూడు తాను సంపాదింపలేడు. పెద్ద మెదడును, దీర్ఘమైన నిస్సహాయతయు కవలపిల్లలు.

ఇచ్చట నాకు తోచినది, ఈ వ్యాసమున చెప్పదలచినదియు ఇదియే. మెదడు మనుష్యునికి ఆస్తిగా వచ్చినది కాదు, ఋణముగా వచ్చినది. మనుష్యుడు ఋణములతోనే పుట్టునని వేదము చెప్పినది. దేవ, ఋషి, పితృ ఋణములను మూటిని ఎల్లరెరుగుదురు. శతపథబ్రాహ్మణము నాల్గవదానిని కూడ చేర్చినది. అది మనుష్యఋణము, తోడిమనుష్యులకు కూడు, నెలవు ఇచ్చి తీర్చవలసినది. ఈ మాట చెప్పిన ఋషులకు శిలాజశాస్త్రము తెలియదు. కాని మనుష్యజన్మను స్వార్జితమని తలపరాదని వారు గ్రహించిన సత్యమునకు ఆ శాస్త్రము నేడు లెక్క కట్టి చూపుచున్నది. మన తలలోనున్న 1350 ఘన సెంటీమీటర్లలో మనము స్వయముగా సంపాదించినది ఒక్కటియు లేదు.

ఋణమును గుర్తించుట పెద్ద మెదడుతో మొదలైనది కాదేమో యనియు అనుమానింప వీలున్నది. జార్జియా దేశమందలి ద్మానిసి వద్ద సుమారు 17 లక్షల 70 వేల సంవత్సరములనాటి పుర్రెలు కొన్ని దొరకినవి. అందొకటి వృద్ధునిది. ఒక్కటి తప్ప పండ్లన్నియు ఊడిపోయినవి. పండ్లు నిలిచిన గుంటలు ఎముకతో పూడిపోయినవి. అట్లు పూడుటకు కాలము పట్టును. అనగా పండ్లు పోయిన పిమ్మటను అతడు ఏండ్ల తరబడి బ్రతికినాడు. నమలలేనివానికి ఆ చలిదేశమున మెత్తని కూడు ఎవరో పెట్టియుందురని పెక్కురు శాస్త్రజ్ఞుల ఊహ. పెట్టినవారి మెదడును, తిన్నవాని మెదడును మన మెదడులో ఇంచుమించు సగమే. ఆ ఊహ నిజమైనచో, కీత్ గీసిన ఎల్లకు అవతలనున్నవారు, మనుష్యఋణమును తీర్చినవారు.

కొలతను ధర్మమునకు ప్రమాణముగా చేసికొన్నవారేమైనారో కూడ చూడవలెను. అమెరికాయందలి ఫిలడెల్ఫియా నగరమున శామ్యూల్ మోర్టన్ అను వైద్యుడు నానాజాతుల పుర్రెలను వందలకొలది సేకరించి, వానిలో గింజలను నింపి, కొలిచి, 1839లో పెద్ద గ్రంథమును ప్రచురించినాడు. శ్వేతజాతులది పెద్ద మెదడనియు, నల్లవారిది చిన్నదనియు ఆయన తేల్చిన తేల్పు బానిసత్వమును సమర్థించువారికి వేదవాక్యమైనది. తూకమే జ్ఞానమైనచో సాహిత్యలోకము తలక్రిందులు కావలెను: రష్యా నవలాకారుడు తుర్గెనేవ్ మెదడు రెండు కిలోలు తూగినది, నోబెల్ బహుమానము పొందిన ఫ్రెంచి రచయిత అనతోల్ ఫ్రాన్స్ మెదడు కిలోకు కొంచెమే మించినది. ఇరువురును మహారచయితలే. జాతులు లక్షలయేండ్లలో మారిన కథను, ఒక్కతరముననున్న మనుష్యుల ఎక్కువతక్కువలకు వర్తింపజేయుట శాస్త్రము కాదు, అహంకారము.

మన తెలుగునాట శ్రీకాళహస్తియందు సాలెపురుగు, పాము, ఏనుగు ముక్తిపొందిన కథను పసివారును ఎరుగుదురు. ధూర్జటి దానిని ప్రబంధముగా కూడ వ్రాసినాడు. సాలెపురుగు మెదడెంత? అదే సంప్రదాయము మరియొకవైపు నరజన్మ మిక్కిలి దుర్లభమని బోధించుచున్నది. ఈ రెండును పరస్పరవిరుద్ధములని తోచవచ్చును, కావు. అనుగ్రహమునకు మెదడు కొలత లేదని మొదటిది చెప్పుచున్నది. కొలత ఎక్కువైనవానికి పూచీ ఎక్కువని రెండవది చెప్పుచున్నది. సాలెపురుగు చేసినది చాలును; మనము చేసినది చాలదు. ఏలయన దానిని పెంచుటకు ఇంత ఖర్చు కాలేదు. తెలిసి చేయగల శక్తి, చేయక మానగల శక్తి, చేసినదానికి బాధ్యత వహింపగల శక్తి – ఇవి పెరిగినకొలది ధర్మము బరువెక్కును. కనుక పాపపుణ్యములు ఏ తరమున మొదలైనవను ప్రశ్నకు నా సమాధానమిది: అవి ఒకనాడు తలుపు తెరచికొని రాలేదు, ఎరుక పెరిగినంతమేర పూచీయు పెరిగినది, ఎరుకకు ఎల్ల లేనట్లే పూచీకిని ఎల్ల లేదు. ఉపనిషత్తు చెప్పిన ప్రవేశమును పంచాంగములో వెదకువాడు దానిని చరిత్రగా చదువుచున్నాడు. తనయందు నేడు కూర్చున్న యజమానుడెవడని అడిగికొనువాడే దానిని ఉపనిషత్తుగా చదువుచున్నాడు.

మొరాకోయందలి జెబెల్ ఇర్హూద్ వద్ద దొరకిన 3 లక్షల సంవత్సరములనాటి పుర్రెలలోని మెదళ్ళు అప్పటికే నేటివారి మెదళ్ళంత యుండినవి. ఆకృతి కొంత మారి గుండ్రనయినదే కాని పరిమాణము పెరుగలేదు. అటుపిమ్మట మనము కూడబెట్టిన భాష, వ్యవసాయము, శాస్త్రము, దర్శనము అన్నియు పుర్రె పెరిగి వచ్చినవి కావు. పెద్దలు నేర్పగా, పిన్నలు నేర్వగా వచ్చినవి. ఋణము తీరు మార్గమును అదియే. గర్భిణికి కడుపునిండ కూడు, అయిదేండ్లలోపు బిడ్డకు లోటులేని పోషణము, ఎదుగు పిల్లకు చదువు, పండ్లూడిన వృద్ధునికి మెత్తని ముద్ద – పెద్ద మెదడు పుట్టిననాటినుండి దానికి జరుగవలసిన ఖర్చు ఇదియే, నేటికిని ఇదియే. మానవజన్మ మహిమను గూర్చి వేదికలపై ప్రసంగించువారును, ఇంట పారాయణము చేయువారును, ముందుగా తమ వీధిలో ఈ ఖర్చు ఎవరికి అందలేదో విచారించి, ఆ మేరకు తమ వంతు చెల్లింతురు గాక.